వాకిట నిలిచినవారు

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



మనలో ప్రతివాడును తన ఆయుర్దాయమున కొంత భాగమును వేచియుండుటయందే గడుపుచున్నాడు. బస్సు కొరకు, రైలు కొరకు, చౌకధరల దుకాణమున బియ్యము కొరకు, తహసీలుదారు కార్యాలయమున ఒక సంతకము కొరకు, వైద్యుని కొరకు, తుదకు దైవదర్శనము కొరకు సైతము వేచియుండుచున్నాము. ఈ కాలమును మనము వ్యర్థకాలముగా ఎంచుదుము. 'ఒక పూట పోయినది' అందుము. నేనును చిరకాలము అట్లే తలచితిని. ఏండ్ల తరబడి పిల్లలకు వ్యాకరణము, ఛందస్సు చెప్పుకొనుచున్న నాకు, గంట మ్రోగిన తోడనే ఒక పని ముగిసి మరియొక పని మొదలగుట అలవాటు. గంట లేని చోట కూర్చుండుట నాకు చేతకాని విద్య. ఆ విద్యను గూర్చియు, అట్టి చోటులందు నేను చూచిన అపరిచితులను గూర్చియు, వారి యెడల నేను చేసిన ఒక అపరాధమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసికొనుచున్నాను.

పని చేయుచున్నవానిని చూచినచో మనకు అతని పనియే కనబడును. మాటలాడుచున్నవానిని చూచినచో అతని మాటయే వినబడును. పనియు, మాటయు రెండును లేక ఊరక కూర్చున్నపుడు మాత్రమే మనుష్యుడు కనబడును. అతడు ఎవరికి జరిగి చోటిచ్చెను, ఎవరి సంచి తన కాలికి తగిలినపుడు ఏమి చేసెను, ప్రక్కవాని బిడ్డ ఏడ్చినపుడు అతని మొగము ఎట్లు మారెను, ఇవి ఎవ్వరి మెప్పు కొరకును చేయు పనులు కావు. అచ్చట అతనిని ఎరిగినవారు లేరు. మరల కలసికొను ఆశయు లేదు. ఎరిగినవారి నడుమ మంచివాడుగా నుండుట కష్టము కాదు. ఊరి భయము ఒకటి ఉండును గదా!

మన ప్రాంతమున బస్సు వచ్చి ఆగీ ఆగకమునుపే కిటికీలో నుండి ఆసనముపై చేతిరుమాలు వేయుట అందరెరిగినదే. అది పది రూపాయల గుడ్డ. దానిని తీసి ప్రక్కన పెట్టి కూర్చున్నచో అడ్డగించు చట్టమేదియు లేదు. అయినను సాధారణముగా ఎవ్వరును దానిని కదలింపరు. ఎదుట లేని మనుష్యునకు ఆ గుడ్డ ప్రతినిధియై కూర్చుండును. 2025వ సంవత్సరపు వానకాలమున తెలంగాణమున యూరియా కొరత ఏర్పడినపుడు రైతులు తెల్లవారకమునుపే సహకార సంఘముల ముందు బారులు తీరిరి. గంటల తరబడి నిలువలేక తమకు బదులుగా చెప్పులను, పాసుపుస్తకములను నేలపై వరుసగా ఉంచి నీడకు పోయి కూర్చుండిరి. ఆ చిత్రములు పత్రికలలో వచ్చినవి. చూచినవారు ఆ కొరతకు కారకులను నిందించిరి. అది వేరు మాట. నేను ఆ చెప్పులనే చూచుచు చాలసేపు కూర్చుంటిని. అరిగినవి, తెగి కుట్టించుకొన్నవి, బురద ఎండినవి, ఒకదాని వెనుక ఒకటి. వెనుకనున్న చెప్పును ముందునకు జరుపుట ఒక క్షణపు పని. కావలివాడు లేడు. నమ్మకమే ఆ వరుసకు కావలి.

కల్యాణమున హరళయ్య, అతని ధర్మపత్ని కల్యాణమ్మ తమ తొడల చర్మముతో బసవేశ్వరునకు పాదరక్షలు కుట్టి సమర్పించిరనియు, వానిని పాదములకు తొడుగుకొనుటకు ఆయన సాహసింపక శిరమున ధరించెననియు మన పెద్దలు చెప్పుదురు. చిన్ననాట ఈ కథ విన్నపుడు నాకు హరళయ్య త్యాగమే గొప్పగా తోచెడిది. ఇప్పుడు, ఎదుటివాని చెప్పును తలపై పెట్టుకొనగలిగిన ఆ తల గొప్పగా తోచుచున్నది.

మనము కరతలమున ఇష్టలింగమును ఉంచుకొని రెప్పవాల్పక చూచుట నేర్చినవారము. చూపు నిలుపుటయే మన పూజలో సగము. అట్టి చూపును పూజాగృహపు గడప దాటగానే ఏల పోగొట్టుకొందుము? బయట వేచియున్న వేళ మన చూపు గడియారము మీదను, ఈ కాలమున చేతిలోని ఫోను మీదను ఉండును. ఫోనును నేను నిందింపను. పూర్వము వార్తాపత్రిక అడ్డముండెడిది, అంతే భేదము. అయితే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నిలిపి చూచుట వేరు, గుచ్చి చూచుట వేరు. పరస్త్రీని, వికలాంగుని, చినిగిన బట్ట కట్టినవానిని కన్నార్పక చూచి 'నేను లోకమును పరిశీలించుచున్నాను' అనుకొనువాడు తన కుసంస్కారమునే పరిశీలించుకొనుట మేలు.

శ్రీశైలమున మహాశివరాత్రి నాటి రాత్రి పాగాలంకరణ జరుగును. దేవాంగ కులమునకు చెందిన నేతగాడు సంవత్సరమంతయు రోజుకొక మూర చొప్పున నేసిన వస్త్రమును, దిగంబరుడై, ఆలయ శిఖరము నుండి నవనందులను కలుపుచు చుట్టును. ఆ సమయమున దీపములన్నియు ఆర్పివేయుదురు. ఒక శివరాత్రికి నేను ఆ చీకటిలో నిలిచియుంటిని. అంతవరకు త్రోపులాట, కేకలు. దీపములు ఆరగానే గొంతులు తగ్గినవి. నా భుజముపై ఎవరిదో చేయి ఆనుకొనెను. నేను కదలినచో ఆ మనుష్యుడు తూలి పడునని ఆ బరువునుబట్టియే తెలిసినది. నేను కదలలేదు. స్త్రీయో పురుషుడో, ఏ ఊరివారో, ఏ కులమువారో తెలియదు. దీపములు వెలిగిన తరువాత చూచితిని: నడిచి వచ్చి కాళ్ళు పొక్కిన ఒక కన్నడ దేశపు ముదుసలి. చేయి తీసికొని నమస్కరించి జనములో కలసిపోయెను. వెలుతురులో ఆ చేయి నా భుజముపై పడియున్నచో నేను అంత ఓర్చియుందునా అని అప్పుడే సందేహము కలిగినది. ఆ సందేహమునకు సమాధానము మరికొన్ని ఏండ్లకు దొరికినది. ఆ ముచ్చటయే చెప్పబోవుచున్నాను.

2018వ సంవత్సరము జనవరి మాసమున మా తల్లికి కంటిలో శుక్లము ముదిరినందున ఒక ప్రభుత్వ వైద్యశాలకు తీసికొని పోయితిని. ఊరు పేరు అనవసరము. ఉదయము ఏడు గంటలకే చేరి చీటీ తీసికొంటిమి. మాది 43వ అంకె. కంటి విభాగము ముందు వసారాలో రెండు పొడవైన బల్లలు. అవి నిండగా మిగిలినవారు గోడకు ఆనుకొని నేలపై కూర్చుండిరి. మా తల్లికి బల్లమీద చోటు దొరికినది. ఎవ్వరిచ్చిరో నేను గమనింపలేదు. ఆమె ప్రక్కన అరువది ఏండ్ల స్త్రీ ఒకతె, కొంగుతో ఎడమ కన్ను కప్పుకొని కూర్చుండియుండెను. ఆమెది 38వ అంకె.

ఎనిమిది, తొమ్మిది, పది గంటలైనవి. ఆ మూడు గంటలలో అచ్చట ఒక చిన్న ఊరు ఏర్పడినది. చదువు రానివారి చీటీలను కంటికి కట్టు కట్టుకొన్న ఒక యువకుడు చదివి చెప్పుచుండెను. నీటి సీసా ఒకటి ఎవరిదో తెలియకుండ నలుగురి చేతులు మారినది. మూత్రశాలకు పోవలసినవారు తమ సంచిని ప్రక్కవారికి అప్పగించి పోవుచుండిరి. పేరు అడుగరు, ఊరు అడుగరు, సంచి మాత్రము అప్పగింతురు. మా తల్లియు, ఆ స్త్రీయు మెల్లగా మాటలలో పడిరి. ఆమె చెరకు నరకబోయినపుడు ఆకు కంటిని గీసికొనిపోయెనట. నాలుగు దినములైనదట. మొదట ఎవరో ఆకుపసరు పోసిరట. నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ ఏర్పడి, రాత్రింబవళ్ళు నీరు కారుచుండెను. ఇదంతయు మా తల్లి తరువాత చెప్పినదే. నేను అప్పుడు ఎదుటి గోడకు ఆనుకొని నిలిచి, ఎన్నవ అంకె నడుచుచున్నదో లెక్కించుచుంటిని.

పదకొండు గంటలకు లోపలి నుండి వచ్చిన ఉద్యోగి యొకడు నన్ను చూచి ఆగెను. 'సార్, మీరా!' అని పాదములకు నమస్కరించెను. పూర్వము నా వద్ద చదివినవాడు. 'ఇంతసేపటి నుంచి ఇక్కడ నిలబడ్డరా? ఒక్క మాట చెప్పకపోతిరి. రండి, రండి' అని మా తల్లి చేయి పట్టుకొని లేవదీసెను. అప్పుడు నడుచుచున్నది 29వ అంకె. ఈ విషయమున నేను కపటముగా మాటలాడదలచుకొనలేదు. నా మనస్సు పొంగినది. శిష్యుడు గురువును మరువలేదని, నలుగురిలో నమస్కరించెనని సంతోషించితిని. నుదుట విభూతి, తెల్లని పంచె, ఎదపై లింగము. నేను ఆ వసారా గుండా తల యెత్తుకొని నడిచితిని.

అపుడు ఆ వరుసలోనివారు ఏమి చేసిరి? ఎవ్వరును కేకలు వేయలేదు. ఎవ్వరును అడ్డగింపలేదు. నేలపై కూర్చున్న ఒక వృద్ధుడు తన చేతికర్రను ప్రక్కకు జరిపి మాకు దారి యిచ్చెను. చీటీలు చదివి చెప్పుచుండిన యువకుడు ఒకసారి తలయెత్తి నన్ను చూచి, మరల తన ఫోనులోనికి చూచెను. అంతే. నేను ఆ మౌనమును గౌరవముగా గ్రహించితిని. ఉపాధ్యాయుడు గదా, పెద్దవాడు గదా, ఎవ్వరును ఆక్షేపింపలేదు అనుకొంటిని.

వైద్యుడు చూచెను. శస్త్రచికిత్సకు తేదీ వ్రాసి యిచ్చు కాగితము కొరకు మరల వసారాలోనే కూర్చుండవలసి వచ్చినది. మా తల్లి పూర్వపు చోటునకే పోయెను. ఆ చోటు ఖాళీగానే ఉండెను. ఆ స్త్రీ తన సంచిని అందు పెట్టి కాచియుంచెను. 'ఏమన్నరక్కా? ఆపరేషన్ జేస్తరంటనా? బాగైతదంటనా?' అని అడిగినది. ఆ కంఠమున వ్యంగ్యము లేదు. నేను వ్యంగ్యము కొరకు వెదకితిని గనుక చెప్పుచున్నాను, లేదు.

ఒంటిగంట కొట్టునప్పటికి 37వ అంక ముగిసినది. లోపలి నుండి ఒకరు వచ్చి, వైద్యులు వార్డునకు పోవలెననియు, మిగిలినవారు మరునాడు రావలెననియు చెప్పి తలుపు దగ్గరగా వేసిరి. నావలె నడుమ జొరబడినవారు ఆ దినమున మరికొందరు ఉండవచ్చును. వారి లెక్క వారిది. నా లెక్క మాత్రము స్పష్టముగా ఉండెను. ఒక్కరు నడుమ చేరకుండినచో ఆ వేళకు 38వ అంక ముగిసియుండెడిది.

ఆమె ఏమియు అనలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసికొనెను. సంచిలో నుండి జొన్నరొట్టె తీసి సగము త్రుంచి మా తల్లి చేతిలో పెట్టినది. 'మా ఊరి బస్సు మూడింటికుంటది' అని మెట్లు దిగసాగెను. నేను వెంటపోయి, రేపు తప్పక రమ్మని, నేనే తెల్లవారుజామున వచ్చి ఆమె పేర చీటీ తీసి వరుసలో నిలిచెదనని చెప్పి పేరడిగితిని. చెప్పినది. బస్సు ఖర్చులకు రెండు వందల రూపాయలు ఇవ్వబోయితిని. స్త్రీలకు ఉచిత ప్రయాణము మన తెలంగాణమున 2023 డిసెంబరునకు గాని రాలేదు. 'పైసలెందుకు సారూ' అని పుచ్చుకొనలేదు. రేపు వచ్చెదవా అని మరల అడిగితిని. 'సూస్త సారూ' అనినది. ఆ మాటకు అర్థము మన ప్రాంతమువారికి విడమరచి చెప్పనక్కరలేదు. కూలి పోగొట్టుకొని, ముప్పది కిలోమీటర్లు వరుసగా రెండు దినములు వచ్చుట ఆమెకు ఎంతటి పనియో నాకును తెలియును.

తిరుగు ప్రయాణమున మా తల్లి చాలసేపు మాటలాడలేదు. ఊరు దగ్గరపడునప్పుడు, 'ఆమె మనకంటె ముందుండె గద బిడ్డా' అనినది. అంతకుమించి ఆమె ఈ విషయమున నాతో ఎన్నడును ఏమియు అనలేదు.

తరువాతి మాటను ముందే చెప్పివేయుచున్నాను. మా తల్లికి శస్త్రచికిత్స జరిగిన దినమున, చెరకు ఆకు గీసికొని తెల్లమచ్చ పడిన కంటిని గూర్చి వైద్యుని అడిగితిని. పొలము పనులలో ఆకో కంకియో గీసికొనినపుడు ఆ గాయమునందు బూజు పట్టుననియు, పసరులు పోసినచో అది మరింత ముదురుననియు, తొలి దినములలో మందు పడినచో కన్ను నిలుచుటకు అవకాశము కలదనియు, ఆలస్యమైనచో చూపు పోవచ్చుననియు ఆయన చెప్పెను. శుక్లమునకు నెల ఆలస్యమైనను తొందర లేదట. అనగా ఆ వసారాలో తొందర లేని కన్ను ముందునకు పోయినది, తొందర గల కన్ను వెనుక నిలిచినది. ఆ మార్పు చేసినవాడను నేను.

బంధువులారా, వేచియున్నవారి ఓర్పును మెచ్చుకొనుట మనకు సులభము. ఉపన్యాసములలో 'బీదవారి సహనమును చూడుడు' అని చెప్పుచుందుము, నేనును చెప్పియున్నాను. ఆ దినము మొదలుకొని ఆ మాట నా నోట రాలేదు. మౌనముగా కూర్చున్న అందరి మౌనమును ఒకటే కాదు. శ్రీశైలపు చీకటిలోని మౌనము వేరు. అది అందరును సమానముగా వేచిన మౌనము. ఆ వసారాలోని మౌనము ఎన్నో పర్యాయములు వెనుకకు నెట్టబడి, అడిగినను లాభము లేదని నేర్చుకొన్నవారి మౌనము. పైకి రెండును శాంతిగనే కనబడును. కర్ర జరిపి దారి యిచ్చిన ఆ వృద్ధుని నేను వినయశీలుడనుకొంటిని. అతడు తన జీవితమున ఎందరికి అట్లు కర్ర జరిపియుండెనో! నేలపై కూర్చున్నవారికి చోటు ఇచ్చు గుణమును, చోటు పోగొట్టుకొను అలవాటును వేరుచేసి చూడగలిగిననాడు గాని మనకు అపరిచితుని మొగము చదువ వచ్చినట్లు కాదు.

పంచాచారములలో భృత్యాచారము కలదు. శివభక్తులకెల్ల తాను సేవకుడనని తలచి నడచుకొనుట దాని స్వరూపము. పరీక్షలో ప్రశ్న వచ్చినచో నేను దీనికి ఐదు మార్కుల సమాధానము వ్రాయగలను. అయితే సేవకుడు యజమానికంటె ముందు లోనికి పోవునా? క్రొత్తవానిని పరాయివానిగా ఎంచరాదని, తన యింటివానిగానే ఎంచవలెనని బసవేశ్వరుడు వచనమున బోధించినాడు. ఇంటివారిలో ఒకరి కన్ను పోవుచుండగా మరియొకరు ముందునకు జరుగుదురా? మన మఠములలో సైతము దాసోహపు పంక్తిలో కారు దిగినవారికి ముందు విస్తరి పడి, నడిచి వచ్చినవారు ఎండలో నిలుచు సందర్భములను నేను చూచితిని. పెద్దలు క్షమింతురు గాక; చూచినది చూచినట్లు చెప్పుచున్నాను. అప్పుడును ఎవ్వరును ఆక్షేపింపరు. ఆక్షేపింపకుండుటను మనము సమ్మతిగా లెక్కించుకొందుము.

ఆ రాత్రి లింగపూజకు కూర్చున్నపుడు చూపు నిలువలేదు. శూన్యసంపాదనములోని ఒక ఘట్టము మరల మరల మనస్సునకు వచ్చినది. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహదేవయ్య తొలుత కూర్చిన ఆ గ్రంథమును మన మఠములలో పురాణముగా చెప్పించుకొనుచున్నాము గనుక కథ అందరెరిగినదే. అల్లమప్రభువు సొన్నలిగె సిద్ధరామునితో కూడి కల్యాణమునకు వచ్చి, బసవేశ్వరుని మహామనె వాకిట నిలిచెను. బసవేశ్వరుడు లోపల లింగపూజలో ఉండెను. వార్త తెలిసి హడపద అప్పణ్ణను పంపి లోనికి పిలిపించెను. ప్రభువు రాలేదు. వాకిటనే నిలిచెను. జంగమమును వాకిట నిలిపి లోపల చేయు లింగపూజ ఏమి పూజయని చెన్నబసవణ్ణ వివరింపగా, బసవేశ్వరుడు పూజ నుండి లేచి స్వయముగా వచ్చి ప్రభువు పాదములపై పడెను.

ఈ కథను నేను పదుల పర్యాయములు పురాణమున చెప్పితిని. చెప్పిన ప్రతిసారియు జంగమమహిమను గూర్చి, చెన్నబసవణ్ణ జ్ఞానమును గూర్చి చెప్పితిని. వాకిట నిలిచినవాడు ఏమియు అనక నిలిచెనని, లోనికి రాకుండుటయే అతడు చెప్పదలచుకొన్న మాటయని, ఆ మాట వినుటకు లోపలివాడు లేచి రావలసియుండెనని ఆ రాత్రి గాని తోచలేదు. బసవేశ్వరుడు పూజయందుండి ఆలస్యము చేసెను. నేను ఏ పూజయందుంటిని?

మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకొని ఆరు గంటలకు వైద్యశాలకు చేరితిని. చీటీల కిటికీ ఇంకను తెరువలేదు. కిటికీ క్రింద నాలుగు సంచులు, ఒక చెప్పుల జత వరుసగా ఉండెను. వాని వెనుక నేను నా గొడుగును ఉంచలేదు, నిలిచితిని. కిటికీ తెరచిన పిదప ఆమె పేర చీటీ తీసితిని. 6వ అంక. వసారాలో నిన్నటివారు కొందరు మరల వచ్చియుండిరి. కర్ర జరిపిన వృద్ధుడు ఉండెను. నన్ను చూచి జరిగి చోటిచ్చెను. నేను నేలపై అతని ప్రక్కన కూర్చుంటిని. నా శిష్యుడు వచ్చి, 'సార్, కుర్చీ తెస్త' అనెను. వలదంటిని. 'నిన్ననే అయిపాయె గద సార్, మళ్ళ ఎందుకు?' అని అడిగెను. చెప్పితిని. అతడు తల వంచుకొని లోపలికి పోయెను. ఆ పిల్లవానిని నేను నిందింపను. గురువు వెంట నడువక వద్దని చెప్పియుండినచో అతడేమి చేసెడివాడు?

తొమ్మిది దాటినది. మెట్లవైపు చూచుచుంటిని. నిన్న నా కంటికి ఆ వసారాలో అంకెలే కనబడినవి. నేడు మెట్లెక్కి వచ్చు ప్రతి స్త్రీ మొగమును చూచుచుంటిని. ఎందరి కన్నులకు కొంగులు అడ్డముండెనో! వృద్ధుడు నన్నడిగెను: 'ఎవలి కోసం సూస్తున్నరు సారూ? నిన్నటి బల్లమీదామె కోసమా?' అవునంటిని. 'వస్తదో రాదో' అనెను. కొంతసేపటికి తన సంచిలోని నీటి సీసాను నా చేతికిచ్చెను. త్రాగితిని.

6వ అంక పిలిచిరి. నేను లేచి తలుపు వద్దకు పోయి, మనిషి ఇంకను రాలేదు, కొంచెము ఆగవలెనని ప్రార్థించితిని. 7ను పిలిచిరి. ప్రతి అంకకును నేను చీటీ చూపుచుంటిని, వారు తల ఊపుచుండిరి. ఆ బస్సు వచ్చు వేళ తెలిసికొని రెండు పర్యాయములు బస్సు నిలయము వరకు పోయి వచ్చితిని. నా చోటున వృద్ధుడు తన కర్రను అడ్డముగా పెట్టియుంచెను. అతని అంక 19. అతడు లోనికి పోయి, మందు చీటీతో వెలుపలికి వచ్చి, ఇంటికి పోక నా ప్రక్కన మరల కూర్చుండెను. ఏల పోలేదని నేను అడుగలేదు.

ఒంటిగంటకు ఐదు నిమిషములున్నపుడు తలుపు వద్ద నున్న ఉద్యోగిని నా వైపు చూచినది. నా చేతిలోని చీటీ చెమటకు మెత్తబడియుండెను. బల్ల చివర 41వ అంక గల ఒక స్త్రీ బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. ఆమెను చూపితిని. ఆమె లేచి లోనికి పోయెను. తలుపు వేసిరి.